సరిహద్దుకు ఆవలి రాజధాని

సంక్రాంతి సెలవులకు ముందు, చలి కొంచెము బిగిసిన దినములలో, పాఠశాలలకు విహారయాత్రల కాలము వచ్చును. జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో, రాయికోడ్ వంటి మండల కేంద్రములలో, యాత్ర యనగా హైదరాబాదు యాత్రయే. తెల్లవారకమునుపే బస్సు బయలుదేరును. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియము, జంతుప్రదర్శనశాల, చీకటిపడు వేళకు హుస్సేన్‌సాగరము గట్టు. పొద్దుపోయి ఇల్లు చేరిన బాలునికి మరునాడు జ్ఞప్తియందుండునవి ఏనుగును, బస్సులో పాడిన పాటలును. ఇందు తప్పేమియు లేదు. పదమూడేండ్ల వయసున ఏనుగు గోలకొండకంటె గొప్పది.

అయినను ఒక విషయము ఆలోచింపదగియున్నది. జహీరాబాదునకు హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. అదే జహీరాబాదునుండి మరియొక దిక్కునకు ఇంచుమించు 30 కిలోమీటర్లు పోయినచో ఒకప్పుడు దక్కను దేశమంతటికిని రాజధానియై వెలసిన బీదరు నగరము కానవచ్చును. బస్సు కలదు; వికారాబాదునుండి జహీరాబాదు మీదుగా పోవు రైలుమార్గమును కలదు. అచట కోట యున్నది, మహళ్లున్నవి, సమాధులున్నవి, అన్నిటికంటె ముఖ్యముగా అయిదున్నర శతాబ్దముల నాటి విద్యాలయ మొకటి యున్నది. అట్టి నగరమును ప్రక్కనుంచుకొని ఈ ప్రాంతపు విద్యార్థి దాని ముఖమైనను ఎరుగకుండ పదవ తరగతి ముగించుచున్నాడు. బీదరునకు అతడు పోవుట లేదని కాదు. ఆసుపత్రికి పోవును, బజారునకు పోవును, నానక్ ఝీరా గురుద్వారకు పోవువారును కలరు. పాఠశాలతో కలిసి, పుస్తకము చేతబట్టి పోవుట మాత్రము అరుదు.

కారణము వెదకినచో అది 1956 నవంబరు 1వ తేదీన దొరకును. అంతవరకు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రమందలి బీదరు జిల్లాలోనివి. కచేరీ పనికైనను, కోర్టు వాయిదాకైనను జనులు బీదరునకే నడచిరి. భాషాప్రాతిపదికపై రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినప్పుడు నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు, నారాయణఖేడు తాలూకా మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోయినది. భాషను బట్టి చేసిన ఆ విభజన పరిపాలనకు మేలే చేసియుండవచ్చును. 2014లో తెలంగాణ యేర్పడినను, 2016లో సంగారెడ్డి జిల్లా పుట్టినను ఆ గీత అచటనే నిలిచినది. కాని పాలనకై గీచిన గీత పాఠ్యపుస్తకములోనికిని ప్రవేశించినది. చరిత్రను రాష్ట్రములవారీగా బోధించుచున్నందున బీదరు ఒక రాష్ట్రమున సొంత ఊరు, మరియొక రాష్ట్రమున పరాయి ఊరు అయినది. తాత ప్రతి నెలయు పోయివచ్చిన పట్టణము మనుమనికి పరదేశమైనది.

బీదరును విడిచి తెలుగుదేశపు మధ్యయుగ చరిత్రను చెప్పుట సాధ్యము కాదు. 1425 ప్రాంతమున ఓరుగల్లును లోబరచుకొన్న బహమనీ సుల్తాను అహమ్మద్‌షా వలీయే గుల్బర్గానుండి రాజధానిని బీదరునకు మార్చినవాడు. కాకతీయుల నగరము ఎవరి యేలుబడిలోనికి పోయెనో తెలిసికొనవలెనన్నచో ఈ ఊరికి రావలసినదే. రాజమహేంద్రవరమునకును, ఓరుగల్లునకును రాష్ట్రాధిపతులు నియమింపబడినది ఇచటినుండియే. గోలకొండ రాజ్యమును స్థాపించిన సుల్తాన్ కులీ మొదట ఎవడు? బీదరు కొలువులో చేరి, తెలంగాణమునకు పాలకుడుగా పంపబడిన బహమనీ ఉద్యోగి. గోలకొండను చూచి బీదరును చూడని విద్యార్థి కొమ్మను చూచి మొదలును చూడనివాడే. 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో దక్కను సుల్తానుల కట్టడములను చేర్చినప్పుడు గుల్బర్గా, బీదరు, బిజాపూరు, హైదరాబాదులను ఒకే ప్రతిపాదనగా కట్టిరి. ఆ పెద్దలకు రాష్ట్రముల సరిహద్దు అడ్డు కాలేదు. పాఠశాలకు మాత్ర మేల కావలెను?

బీదరులో చూడవలసినవి చాల కలవు. వానినన్నిటిని ఒక్క దినములో చూపవలెనని ఉపాధ్యాయుడు పూనుకొన్నచో హైదరాబాదు యాత్రకును దీనికిని భేద ముండదు. కావున ముందు ఏది చూపవలెనన్న ప్రశ్నకు ఒక్కటే సమాధానము. ఉపాధ్యాయులును విద్యార్థులును పోవుచున్నారు గనుక మొదట విద్యాలయమునకే పోవలెను.

పాతపట్టణము నడుమ, ఇరుకు వీథిలో నడచుచుండగా ఒక్కసారిగా ఆకాశమునంటు స్తంభము వలె ఒక మీనారు కనబడును. అది మహమూద్ గవాన్ మదరసా. నిర్మాణము 1472లో ముగిసినది. పొడవు 205 అడుగులు, వెడల్పు 180 అడుగులు, మూడంతస్తులు. నడుమ విశాలమైన ముంగిలి. చుట్టును బోధనశాలలు, గ్రంథాలయము, మసీదు, ఆచార్యుల నివాసములు, విద్యార్థుల గదులు. ముఖభాగమంతయు నీలము, పసుపు, తెలుపు, ఆకుపచ్చ వన్నెల పలకలతో పొదిగిరి. పారసీక దేశపు ఆ పని దక్కనులో ఇంత విరివిగా మరియొకచోట అరుదు. ఉన్న మీనారుపై ఆ పలకలు ఇప్పటికిని కొన్ని మిగిలియున్నవి. రెండవ మీనారు లేదు. ముఖభాగములో సగమును లేదు. ఔరంగజేబు బీదరును జయించిన 1657 తరువాత ఈ భవనము సైనికులకు విడిదియైనది. గదులలో తుపాకిమందు నింపిరి. ఆ శతాబ్దము ముగియకమునుపే ఆ మందు ప్రేలి, కట్టడము చీలిపోయినది. పుస్తకములున్న చోట మందుగుండు నిలువచేయుట వలన కలిగిన ఫలితమును ఇంతకంటె స్పష్టముగా చూపు పాఠము మరియొకటి దొరకదు. ఉపాధ్యాయుడు నోరు మెదపనక్కరయే లేదు, పడిపోయిన మూల వద్ద పిల్లలను నిలిపినచో చాలును.

కట్టినవాని కథ కట్టడముకంటె ఆశ్చర్యకరము. గవాన్ పారసీకమందలి గిలాన్ ప్రాంతమువాడు. నలుబది యేండ్లు దాటిన తరువాత వర్తకుడుగా దక్కను చేరి, బీదరు కొలువులో ప్రవేశించి, ప్రధానమంత్రి యయ్యెను. నాలుగు రాష్ట్రములుగా నున్న రాజ్యమును ఎనిమిదిగా విభజించి, ఒక్కొక్క అధిపతి చేతిలో ఒక్క కోటయే యుండునట్లు చేసెను. తెలంగాణమును ఓరుగల్లు, రాజమహేంద్రవరము అని రెండుగా చేసినది ఆయనయే. భూములను కొలిపించెను. పారసీక మహాకవి జామీతో ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. లేఖారచన గురించి ఆయన వ్రాసిన గ్రంథమును, ఆయన లేఖల సంపుటమును నేటికిని నిలిచియున్నవి. మదరసా గ్రంథాలయములో మూడువేల పుస్తకము లుండెడివని చరిత్రకారుడు ఫిరిష్తా వ్రాసెను. అచ్చుయంత్రము ఈ దేశమున కాలుమోపని కాలములో మూడువేల చేతివ్రాత పుస్తకములనగా ఎన్ని చేతులు, ఎన్ని సంవత్సరములు శ్రమించియుండవలెనో లెక్కవేయుమని గణితోపాధ్యాయుడు పిల్లల నడుగవచ్చును.

అధికారులను అదుపులో పెట్టినవానికి శత్రువులు పుట్టక మానరు. గవాన్ ముద్రను మోయు సేవకుని లోబరచుకొని, తెల్లకాగితముపై ముద్ర వేయించి, ఓఢ్రరాజును దండెత్తి రమ్మని గవాన్ పిలిచినట్లు దానిపై ఒక లేఖ వ్రాసి, సుల్తాను మూడవ మహమ్మద్‌షాకు చూపిరి. విచారణ లేదు. 1481 ఏప్రిల్ 5వ తేదీన ఏడుపదుల వయసు వృద్ధుని శిరస్సు ఖండింపబడినది. ఆ ఘోరము జరిగిన చోటు బీదరు కాదు. నేడు బొమ్మలకు పేరెన్నికగన్న కృష్ణాతీరపు కొండపల్లి. సుల్తాను విడిది అప్పుడచట నుండెను. తప్పు తెలిసికొని కుమిలిన సుల్తానును మరుసటి యేడే మరణించెను. అటుపిమ్మట రాజ్యము అయిదు ముక్కలగుటకు ఎంతో కాలము పట్టలేదు. ఒక్క కల్పితలేఖ ఒక రాజ్యమునకు తెచ్చిన చేటు ఇది. చేతిలోని ఫోనుకు వచ్చిన ప్రతి వార్తను నమ్మి పదిమందికి పంపుచున్న ఈ కాలపు పిల్లలకు ఈ కథను ఆ మదరసా ముంగిలిలో కూర్చుండబెట్టి చెప్పవలెను. తరగతిగదిలో చెప్పినచో పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నయై పోవును.

ఇచట మరియొకనిని స్మరింపవలెను. మదరసా కట్టుచున్న సంవత్సరములలోనే అఫనాసీ నికితిన్ అను రష్యను వర్తకుడు బీదరులో నుండెను. ఆయన వ్రాసిన యాత్రావృత్తాంతములో సుల్తాను వేటకు వెడలు వైభవము, వెండిపల్లకీలలో నూరేగు ప్రభువులు, కావలివాండ్రు నిలిచిన కోట ద్వారములు వర్ణింపబడినవి. అంతటితో ఆయన ఆగలేదు. ప్రభువులు మిక్కిలి సంపన్నులు, పల్లెప్రజలు మిక్కిలి దీనులు అనియు వ్రాసెను. రంగుపలకలను చూచి మురిసిన విద్యార్థికి ఈ సంగతియు చెప్పవలెను. ఆ పల్లెలు ఏవి? బీదరు చుట్టుపట్టుల పొలములే. ఆ సొమ్ము పుట్టిన మట్టి ఈ చుట్టుపట్టులదే. రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును మాత్రమే చరిత్ర యనుకొను విద్యార్థికి తన ముత్తాతల ముత్తాతలు అందులో ఎచట నిలిచియుండిరో కనబడుట ఆ వాక్యమువలననే.

కోటను గురించి విస్తరింపనక్కరలేదు. చూచినవారికి అదే చెప్పుకొనును. కొంతమేర మూడు వరుసలుగా రాతిని తొలిచిన కందకము, పులుల బొమ్మలు చెక్కిన షర్జా దర్వాజా, పదునారు స్తంభముల వరుసచే పేరొందిన సోలాఖంబా మసీదు, ఒకనాటి రాజస్నానశాలలో నేడున్న పురావస్తు ప్రదర్శనశాల. రంగీన్ మహలులో నల్లరాతిపై ముత్యపుచిప్పను పొదిగిన పనితనము వంటిది హైదరాబాదులో వెదకినను దొరకదు. ఒక్క హెచ్చరిక. గోడలపై పేర్లు గీకు దురలవాటును ద్వారము వద్దనే మాన్పవలెను. అచట ఇప్పటికే కానవచ్చు గీతలలో తెలుగు పేర్లును లేకపోలేదు.

కోట గోడలకన్న దాని రాయిని గురించి చెప్పవలసినది ఎక్కువ. బీదరు నిలిచిన పీఠభూమి లాటరైటు అను ఎర్రరాతి పొర. నేలలో నున్నంతవరకు అది మెత్తగా గొడ్డలికి లొంగును; కోసి బయట పెట్టినచో గాలికి ఎండకు గట్టిపడును. రంధ్రములు గల రాయి గనుక వాననీటిని త్రాగును. దాని అడుగున నున్న నల్లరాయి ఆ నీటిని క్రిందికి పోనీయదు. ఆ రెంటి నడుమ నీరు నిలువయుండి చరియలలో ఊటలై వెలువడును. గురుద్వార వద్ద నానక్ ఝీరా, కొండ తొలిచిన సొరంగములో నడుములోతు నీటిలో నడచిపోవలసిన నరసింహ ఝరణి — ఒక్కొక్కదానికి ఒక్కొక్క పుణ్యకథ కలదు; అన్నిటికిని ఆధారము ఆ రాయియే. భక్తునకు కథ చాలును. విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు రాతిని కూడ చూపవలెను. ఆ ఎర్రమన్ను జహీరాబాదు పొలములలోను ఉన్నది. పిల్లల కాళ్లకు దినమును అంటుచున్నదే.

బహమనీ కాలపువారు ఈ రహస్యమును గ్రహించి నౌబాదు వద్ద ఒక సొరంగకాలువను తొలిచిరి. దానిని కారేజ్ అందురు. ఊరివారు సురంగబావి యనియు పిలుతురు. పారసీకపు విద్య అది. ఎగువ నొక తల్లిబావి త్రవ్వి, నీటిమట్టమునుండి అతి స్వల్పమైన వాలుతో నేలక్రింద కాలువ తొలిచి, నడుమ నడుమ గాలికిని, పూడికతీతకును నిలువు బావులు విడుతురు. మోట లేదు, ఎద్దు లేదు, నేడు వలె కరెంటు మోటారు లేదు. నీరు తన బరువుచే తానే నడచివచ్చును. ఎండకు ఆవిరి కాదు. నౌబాదు కారేజ్ పొడవు రెండు మూడు కిలోమీటర్లు. ఇరువదికి పైగా నిలువు బావులు గుర్తింపబడినవి. శతాబ్దములతరబడి పూడి, కొన్ని బావులు చెత్తకుప్పలై, కొన్నిటిపై ఇండ్లు లేచిన పిమ్మట, గత దశాబ్దములో పూడిక తీయు పని జరిగినది. బోరుబావులు వేయి అడుగులు దాటినను తడి తగులని ఊళ్లనుండి వచ్చిన విద్యార్థులకు ఈ సొరంగపు నోటివద్ద గడపిన అరగంట రంగీన్ మహలులో గడపిన గంటకంటె ఉపయోగకరము. ఆశ్చర్యమేమనగా యాత్రికుల కిచ్చు జాబితాలలో దీని పేరు అట్టడుగున నుండును. పెక్కింటిలో అసలే యుండదు.

నగరమునకు తూర్పున కొలది దూరములో అష్టూరు. బహమనీ సుల్తానుల సమాధు లచట వరుసగా నున్నవి. హుమాయూన్ సమాధిపై పిడుగు పడి గుమ్మటము సగము కూలగా, మిగిలిన సగము కోసిన పండు వలె నిలిచియున్నది. గుమ్మటపు గోడ మందమెంత, ఇటుక యెట్లు పేర్చిరి, వంపు ఎచట మొదలయ్యెను — ఇవన్నియు పటము గీచినట్లు కానవచ్చును. చెక్కుచెదరని గుమ్మటము ఏదియు ఇంత బోధింపలేదు. ఆ ప్రక్కనే అహమ్మద్‌షా వలీ సమాధి. లోపలి వర్ణచిత్రములు దీపపు వెలుగున చూడదగినవి. ఏటేట జరుగు ఉర్సుకు ముస్లిములే కాక హిందువులును, లింగాయతులును వత్తురు. వారు ఆయనను అల్లమప్రభువు అవతారముగా కొలుతురు. జంగమ పరంపరకు చెందిన పెద్ద ఒకరు అందు పాల్గొనుట ఆచారము. రాయికోడ్‌లో వీరభద్రస్వామి కోవెలకును, ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరునకును మ్రొక్కి పెరిగిన పిల్లలకు జంగములు కొత్త కాదు. ఓరుగల్లును పడగొట్టిన సుల్తానే ఇచట వలీగా, ప్రభువుగా పూజ లందుచున్నాడు. ఈ రెండు సంగతులును నిజములే. ఒకటి చెప్పి రెండవది దాచు ఉపాధ్యాయుడు చరిత్ర చెప్పినవాడు కాడు. పిల్లలు దానిని విని కొంత తికమకపడుదురు, పడనిండు.

బిద్రీ పనివారి అంగడికి పోకుండ తిరిగి రాకూడదు. తుత్తునాగములో కొంచెము రాగి కలిపి పోతపోసి, ఉలితో చెక్కి, వెండితీగెను పొదిగి, చివరకు నవాసాగరముతో కలిపిన మట్టిలో కాచి రుద్దుదురు. లోహము కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము తెల్లగనే నిలుచును. ఆ మట్టి కోటలోని పాతకట్టడములలో ఎండవానలు తగులని చోటినుండి తెచ్చినదై యుండవలెను. మంచిచెడ్డలు పనివారు నాలుకపై రుచి చూచి నిర్ణయింతురు. రసాయనశాస్త్రమునకు ఇంతకంటె మంచి గుమ్మము లేదు. 2023లో షా రషీద్ అహమ్మద్ ఖాద్రీ అను బిద్రీ శిల్పికి పద్మశ్రీ లభించినది. అయినను వీథిలోని పనివారి పిల్లలలో ఎందరు ఆ ఉలి పట్టుచున్నారన్నది వేరు ప్రశ్న. ఆ ప్రశ్నను విద్యార్థులే వారి నడుగుట మేలు.

దీనికి ఉపాధ్యాయులు చెప్పు అభ్యంతరములు లేకపోలేదు. రాష్ట్రము దాటించుటకు అనుమతుల చిక్కు అందురు. బోర్డులు కన్నడములో నుండును, చెప్పువారు లేరు అందురు. పిల్లలకు హైదరాబాదే కావలెనందురు. మొదటిది కాగితముల పని. ఆరంభములో శ్రమ, రెండవ యేటికి అలవాటు. రెండవది అసలు అభ్యంతరమే కాదు. తెలుగు కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు. ఒక్క పూట కూర్చున్నచో తెలుగు చదివిన బాలుడు కన్నడ బోర్డును కూడబలుకుకొని చదువగలడు. ఈ సరిహద్దు పల్లెలలో కన్నడమాట తెలియని యిల్లు తక్కువ, ఉర్దూమాట తెలియని యిల్లు అంతకంటె తక్కువ. చెప్పువారు లేకున్న ఉపాధ్యాయుడే ముందొకసారి పోయి చూచి రావలెను. మూడవదానిలో మాత్రము సత్యము కలదు. ఏనుగు బీదరులో లేదు. హైదరాబాదు యాత్రను మానుమని ఎవరు చెప్పుదురు? ఎనిమిదవ తరగతిలో బీదరు, తొమ్మిదవ తరగతిలో గోలకొండ అని వరుస పెట్టుకొన్నచో మొదలు చూచిన కన్నులతో కొమ్మను చూచినట్లగును; ఏనుగును దక్కును.

బసవకల్యాణమును గూడ అదే దినమున కలుపుకొందుమను ఉత్సాహము కూడదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణము వ్రాసినది ఆ కల్యాణపు బసవన్న చరిత్రమునే గనుక తెలుగు పండితునకు ఆ ఊరు మీద మక్కువ సహజమే. కాని అది మరియొక దినపు పని, దూరము నెక్కువ.

ఒక్క దినమునకు మదరసా, కారేజ్, అష్టూరు చాలును. పొద్దు మిగిలినచో కోట. బయలుదేరక మునుపు ఒక వారము దినములు తరగతిలో గవాన్ కథయు, ఎర్రరాతి సంగతియు చెప్పియుండవలెను. పిల్లల చేత నోటుపుస్తకము, కొలతాడు, ఇద్దరి కొకటి చొప్పున దీపము ఉండవలెను. మదరసాలో ఒక గది పొడవు వెడల్పులు కొలిచి, అందు ఎందరు విద్యార్థులు నిదురింపగలరో వ్రాయవలెను. నౌబాదులో ఒక నిలువు బావి లోతును, పైనుండి కానవచ్చు రాతిపొరల రంగులను గురుతు పెట్టుకొనవలెను. తిరిగివచ్చిన తరువాత అదే కొలతాడుతో రాయికోడ్ చుట్టుప్రక్కల నున్న పాత దిగుడుబావులను, పూడిన చేదబావులను కొలిచి, ఆ రెండు లెక్కలను ఒకే పుటలో ఎదురెదురుగా వ్రాయింపవలెను.